మ్రింగినది ఏదో తెలియనపుడు

శైశవమున బిడ్డకు ప్రపంచముతో తొలి పరిచయము నోటితోనే కలుగును. కంటి కగపడినదానిని చేతితో తీయుట, చేతికి చిక్కినదానిని నోట పెట్టుకొనుట, ఆరు నెలలు నిండినది మొదలు మూడేండ్లు వచ్చువరకు ఏ యింటి బిడ్డకైనను ఇదియే విద్య. ఇందు బిడ్డ తప్పేమియు లేదు. తల్లి తప్పు అంతకంటె లేదు. అయితే ఆ నోట పడు వస్తువులు మన కన్నుల యెదుటనే మారిపోయినవి. వస్తువులు మారినను మన యిండ్లలోని చికిత్స మాత్రము మారలేదు. ఈ సంగతిని మన కుటుంబములవారికి విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. మేము వైద్యులము కాము, వర్తకులము. వైద్యులు నిశ్చయించి చెప్పుచున్న విషయములను, సరకు నెరిగినవారముగా మేము చూచుచున్న విషయములతో కలిపి యిట ముందుంచుచున్నాము.

పూర్వము మన పిల్లలు మ్రింగినవి ఏవి? చింతగింజ, సీతాఫలపు గింజ, నల్లపూస, చొక్కా గుండీ, చెవిపోగు శీల, అప్పుడప్పుడు ఒక కాసు. ఇంటి అవ్వ బిడ్డచేత రెండు అరటిపండ్లు తినిపించి, “రెండు దినములలో అదియే పోవునులే” అని తల్లికి ధైర్యము చెప్పెడిది. పెక్కు పర్యాయములు అట్లే పోయెడిది కూడ. ఆమె మాటను పరిహసించుట మా యుద్దేశము కాదు. నేటి వైద్యులు చెప్పునదియు దానికి దూరము కాదు. బిడ్డలు మ్రింగిన వస్తువులలో నూటికి 80 మొదలు 90 వరకు జీర్ణాశయము చేరి తమంతట తామే వెలికి పోవును. 10 మొదలు 20 వరకు ఎండోస్కోపీ గొట్టముతో తీయవలసివచ్చును. శస్త్రచికిత్స వరకు పోవునవి నూటికి ఒకటి కంటె తక్కువ.

కాని అవ్వ సూత్రములో లోపము వేరొకచోట నున్నది. బిడ్డ మ్రింగినది కాసే యని ఆమెకు ఎట్లు తెలిసినది? చూచినవారు ఎవరు? బిడ్డకు మాట రాదు. తల్లి వంటయింట నుండును. చేతిలో ఏదో మెరసినది, నోట పెట్టుకొన్నది, ఇప్పుడు లేదు. మనకు తెలిసినది ఇంతియే. గుండ్రముగా, పలుచగా, తెల్లగా మెరయు వస్తువు నాణెమే కావలెనని నలువదేండ్ల క్రిందట అనుకొన్నచో దోషము లేదు. ఇప్పుడట్లు అనుకొనుటకు వీలు లేదు. మా వాదమంతయు ఈ ఒక్క మాటపై నిలిచియున్నది: మ్రింగినది నాణెమని ఎక్స్‌రే చెప్పువరకు దానిని బటన్ సెల్లు అనియే భావించి నడువవలెను.

ఈ బటన్ సెల్లు ఏమియో మన యిండ్లలో అందరును ఎరుగుదురు. అది యెన్నిచోట్ల నున్నదో మాత్రము గమనించినవారు తక్కువ. గోడగడియారములో కాదు, చేతిగడియారములో నుండునది. కారు తాళపుచెవిలో, చిన్న రిమోటులో, జ్వరము చూచు డిజిటల్ థర్మామీటరులో, బరువు తూచు యంత్రములో, వినికిడి యంత్రములో, దీపావళికి కొను విద్యుద్దీపపు ప్రమిదలో, తెరవగానే పాట పాడు శుభాకాంక్షల కార్డులో, జాతరలో కొన్న వెలుగు బొమ్మలో ఇదియే యుండును. వీటిలో మిక్కిలి అపాయకరమైనది 20 మిల్లీమీటర్ల వ్యాసము గల లిథియం సెల్లు. దాని బలము 3 వోల్టులు. మన రూపాయి నాణెమునకు ఇంచుమించు సమానమైన పరిమాణము. చిన్న బిడ్డ గొంతు దిగువన, అన్నవాహిక ఆరంభించుచోట, ఇరుకైన తావున చిక్కుకొనుటకు సరిగ్గా తగినంతటిది.

సెల్లు పగిలి దానిలోని మందు కారుటచే గొంతు కాలునని చాలమంది తలంపు. ముఖ్యమైన కారణము అది కాదు. తడిగా నున్న అన్నవాహికలో సెల్లు చిక్కుకొనగానే దాని విద్యుత్తు చుట్టునున్న కండగుండ ప్రవహింప మొదలిడును. ఋణధ్రువము ఆనుకొనియున్నచోట, సబ్బు వండువారు వాడు కాస్టిక్ సోడా వంటి తీక్ష్ణమైన క్షారము పుట్టును. ఆ క్షారము రెండు గంటలలోనే కండను తీవ్రముగా కాల్చివేయగలదు. “అది పాత సెల్లు, గడియారము ఆగిపోయినదనియే తీసివేసితిమి” అని తృప్తి పడుటకు వీలు లేదు. గడియారమును నడుపలేని సెల్లులో కండను కాల్చుటకు చాలినంత బలము మిగిలియుండును. సెల్లును తీసివేసిన తరువాత కూడ గాయము లోనికి పాకి, దినములకో వారములకో శ్వాసనాళమునకు రంధ్రము పడుటయు, బృహద్ధమనికి తగిలి రక్తము వెడలుటయు కలదు. నాణెము మూడు దినములు ఓర్చును. సెల్లు మూడు గంటలు ఓర్వదు.

బయటి లక్షణములు చూచి నిర్ణయింతమన్నచో అవి మోసము చేయును. కొందరు బిడ్డలు చొంగ కార్చుదురు, అన్నము వలదందురు, రొమ్ము పట్టుకొని యేడ్చుదురు, గురక వంటి శబ్దముతో ఊపిరి తీయుదురు. మరికొందరు ఏమియు జరుగనట్లే ఆడుకొనుచుందురు. అమెరికాలో 2020వ సంవత్సరము డిసెంబరులో రీస్ అను ఒకటిన్నర యేండ్ల బాలిక రిమోటులోని సెల్లు మ్రింగి మరణించినది. మొదట ఆమెకు వచ్చినది గొంతువాపు దగ్గు అని తలచిరి. ఆమె తల్లి పట్టుదలచే 2022 ఆగస్టులో ఆ దేశమున ఆ బాలిక పేరనే ఒక చట్టము పుట్టినది. సెల్లు అమర్చిన గదిని బిడ్డ తెరువలేనట్లు చేయవలెననియు, హెచ్చరిక అచ్చువేయవలెననియు దాని సారాంశము. ఆస్ట్రేలియా అదే సంవత్సరము జూన్ 22 నుండి ఇట్టి నిబంధనలను అమలుపరచినది.

సెల్లుతో సమానముగా తొందరపడవలసిన వస్తువు మరియొకటి గలదు. చిన్న గుండ్రని బలమైన అయస్కాంతపు గోళీలు. ఒకటి మ్రింగినచో పోవునేమో కాని, రెండు మ్రింగినచో ప్రేగుల యొక్క రెండు మడతలకు అటొకటి ఇటొకటి చేరి, ఒకదానినొకటి లాగుకొని, నడుమ చిక్కిన ప్రేగును నలిపి చిల్లు పొడుచును. పూలకుండీల అలంకారమునకు అమ్ము వాటర్ బీడ్స్ అను రంగు పూసలు మరియొక రకము: ఎండినపుడు ఆవగింజంత, నీరు పీల్చి గోళీయంత. అవి కడుపులో ఉబ్బి ప్రేగునకు అడ్డుపడును, ఎక్స్‌రేలో అగపడవు. తెరచియున్న పిన్నీసు, సూది మొదలగు వాడియైన వాటి సంగతి చెప్పనక్కర లేదు.

ఇక అరటిపండు విషయము. బిడ్డ ఏదైన మ్రింగినదని అనుమానము కలిగినంతనే మన యిండ్లలో మూడు పనులు జరుగును: పండో అన్నపు ముద్దయో తినిపించుట, గొంతులో వ్రేలు పెట్టి కక్కించుట, ఉప్పునీరు త్రాగించుట. మూడును మానవలెను. కక్కించినచో క్రిందికి పోయిన వస్తువు పైకి వచ్చి శ్వాసనాళమున పడవచ్చును. తినిపించినచో, మత్తు ఇచ్చి వస్తువును తీయవలసిన వైద్యునికి నిండు కడుపు అడ్డగును. వ్రేలితో వెదకుటచే వస్తువు ఇంకను లోనికి దిగును.

వంటింటి వస్తువులలో వైద్యులు అంగీకరించినది ఒక్కటి మాత్రము గలదు, అది తేనె. బటన్ సెల్లు మ్రింగి 12 గంటలు దాటని యెడల, బిడ్డకు ఏడాది నిండియున్న యెడల, మ్రింగగలుగుచున్న యెడల, ఆసుపత్రికి పోవు దారిలో పది నిమిషముల కొకసారి రెండు చిన్న చెంచాల తేనె, ఆరు పర్యాయములకు మించకుండ ఈయవచ్చును. అది కండకును సెల్లునకును నడుమ పూతవలె నిలిచి క్షారపు తీక్ష్ణతను కొంత తగ్గించును. ఏడాది నిండని బిడ్డకు తేనె ఎన్నడును ఈయరాదు. తేనె కొరకు అంగడికి పరుగెత్తుట, తేనె యిచ్చితిమి గదా యని ఇంట కూర్చుండుట, రెండును తెలివితక్కువ పనులే. ఇంట నున్నచో సీసా చేతబట్టుకొని బండి యెక్కవలెను. లేనిచో ఊరకయే యెక్కవలెను.

ఊపిరి అడ్డుపడుట వేరు, మ్రింగుట వేరు. ఈ భేదమును ఇంటిలోని పెద్దలందరు ఎరుగవలెను. బిడ్డ బలముగా దగ్గుచున్నచో దగ్గనీయవలెను. దగ్గు రాక, శబ్దము రాక, పెదవులు నల్లబడుచున్నచో ఆసుపత్రి వరకు ఆగుటకు కాలము లేదు. ఏడాదిలోపు బిడ్డను ముంజేతిపై బోర్లించి, తల క్రిందుగా నుంచి, అరచేతి మడమతో రెక్కల నడుమ ఐదు దెబ్బలు చరచి, తరువాత వెల్లకిల త్రిప్పి రొమ్ము నడుమ ఐదుసార్లు నొక్కవలెను. అడ్డు తొలగువరకు ఇట్లే మార్చి మార్చి చేయవలెను. ఏడాది దాటిన బిడ్డకు వీపుపై ఐదు దెబ్బల తరువాత వెనుకనుండి పట్టుకొని బొడ్డునకు పైగా ఐదుసార్లు లోనికిని పైకిని నొక్కవలెను. ఇది చదివి నేర్చునది కాదు, చేసి నేర్చునది. ఉగాది కవిసమ్మేళనములకు మండపము బాడుగకు తీసికొను మన సంఘములు, ఏడాదికి ఒక ఆదివారము రెండు గంటలు ఒక నర్సును పిలిపించి బొమ్మపై ఈ విద్య నేర్పించుట కష్టమా?

పండుగ మాట వచ్చినది గనుక ఒక అప్రియమైన సంగతి చెప్పక తప్పదు. మన పూర్వులు తరముల క్రిందట ఊరు విడిచి వచ్చినను విడువని ఆచారములలో భోగిపండ్లు ఒకటి. బళ్ళారి మొదలు బరంపురము వరకు, హోసూరు మొదలు షోలాపురము వరకు, మన తెలుగుతనమునకు గురుతుగా దానిని నిలుపుకొన్నవారు గలరు. అయితే ఆ పళ్ళెరములో నేమున్నది? రేగుపండు, దానిలో గట్టి గింజ, నానబెట్టిన శనగలు, చెరకుముక్కలు, చిల్లర నాణెములు. గొంతునకు అడ్డుపడు వస్తువులను ఏరి కూర్చుమని ఎవరైన వైద్యుని అడిగినచో ఇంచుమించు ఈ పట్టికయే వ్రాసి యిచ్చును. దానిని ఐదేండ్లలోపు పిల్లల తలపై పోసి, చాపమీద చెల్లాచెదరు కానిచ్చి, పెద్దలు హారతి పాటలో మునిగియుందురు! ఆచారము మానుమని మేము చెప్పుట లేదు. మూడేండ్లలోపు బిడ్డకు బంతిపూల రేకులతో నిండుగా పోయుడు. రేగుపండ్లు నాలుగు, అవియు లెక్కపెట్టి. నాణెములను మూటగట్టి తల చుట్టు త్రిప్పి తల్లి కొంగున వేయుడు. పోయక తీరదను పెద్దలు, వర్తకుడు గల్లాపెట్టె చూచుకొన్నట్లు, పోసినవి ఎన్నియో ఎత్తినవి ఎన్నియో సరిచూచుకొని గాని పేరంటాండ్రను పంపరాదు. దిష్టి తీయుటకు పూలు చాలవను శాస్త్రము మేము ఎక్కడను వినలేదు.

ఆసుపత్రి విషయమున మన స్థితి ఒక విధముగా ప్రత్యేకమైనది. మనలో పెక్కుమంది సరిహద్దులలో నివసించువారము. హోసూరువారికి పెద్ద ఆసుపత్రులు సమీపమున నున్నది బెంగుళూరులో. యానాంవారికి తమ రాజధాని పుదుచ్చేరి వందల కిలోమీటర్ల దూరము; కాకినాడ చేరువ. పర్లాకిమిడివారికి బరంపురము కంటె శ్రీకాకుళము దగ్గర. ఏ రాష్ట్రపు కార్డు ఎక్కడ చెల్లునో అను విచారములో గంట గడుపుటకు ఇది సమయము కాదు. ఎక్స్‌రేయు, చిన్నపిల్లలకు ఎండోస్కోపీ చేయు వైద్యుడును ఉన్నచోటికి నేరుగా పోవలెను. ఆ చోటు ఏదో ఆపద రాకముందే తెలిసికొని గోడపై వ్రాసి పెట్టుకొనవలెను. 108గాని 112గాని పిలిచినచో బండి వచ్చును. ఆపదలో నున్న రోగిని ముందు కాపాడి తరువాతనే తక్కిన వ్యవహారము చూడవలెననియు, ఈ ధర్మము ప్రభుత్వ వైద్యునికిని ప్రైవేటు వైద్యునికిని సమానమనియు, సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా వ్యాజ్యమున తీర్పు చెప్పినది. దీనిని మన సంఘ కార్యదర్శులు నోటికి నేర్చుకొనుట మంచిది.

ఎక్స్‌రే తీయునపుడు ప్రక్కనుండి కూడ తీయుమని అడుగవలెను. నాణెము ఒకే గుండ్రముగా అగపడును; సెల్లు అంచున రెండు వలయములు, ప్రక్కనుండి చూచినచో ఒక మెట్టు కనబడును. ఎరిగిన వైద్యునికి ఇది చెప్పనక్కర లేదు. ఐనను రాత్రి రెండు గంటలకు చిన్న ఊరి ఆసుపత్రిలో అడుగుటచే నష్టము లేదు.

మరి భాష? మనలో పుట్టి పెరిగినవారికి ఆయా ప్రాంతపు భాషలు మాతృభాషతో సమానము. కాని పగటివేళ బిడ్డను కనిపెట్టుకొని యుండువారు ఎవరు? ఆంధ్రదేశమునుండి క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు, లేక మనుమని చూచుటకు వచ్చిన అమ్మమ్మ. ఆమె ఒంటరిగా బిడ్డ నెత్తుకొని పోయి, చీటీ వ్రాయు కిటికీ యొద్ద “ఏదో మ్రింగినాడు” అని తెలుగున చెప్పినచో, ఆ మాట అర్థమగులోపల వరుస ముందుకు జరిగిపోవును. ఆమె చెప్పవలసినది ఒక్క వాక్యము. కన్నడమున: “మగు బ్యాటరి నుంగిదె.” అరవమున: “కుళందై బేటరియై విళుంగి విట్టదు.” మరాఠీలో: “బాళానే బ్యాటరీ గిళలీ ఆహే.” ఒడియాలో: “పిలాటి బ్యాటెరి గిళి దేఇఛి.” తన ఊరికి తగిన వాక్యమును అట్టముక్కపై తెలుగు అక్షరములలో వ్రాసి, క్రింద ఆ భాషాలిపిలో పిల్లలచేత వ్రాయించి, తలుపు వెనుక వ్రేలాడదీయవలెను. మ్రింగిన గంట, తెలిసినచో, కాగితముపై వ్రాసి చేత పట్టుకొని పోవలెను. సెల్లు తీసిన వస్తువును, దానికి సరిజోడు సెల్లు ఉన్నచో దానిని వెంట తీసికొని పోవుటయు మేలు. దానిపైనున్న అంకెలు వైద్యునికి పనికివచ్చును.

ఇప్పుడు మా వర్తకుల మాట. “కొనువాడు చూచుకొనవలెను, అమ్మువానికేమి?” అని కొందరు సోదరులు అందురు. ఈ వాదము క్రొత్తది కాదు. నూరేండ్ల క్రిందట అమెరికాలో షెవలియర్ జాక్సన్ అను గొంతు వైద్యుడుండెను. గొట్టము జొనిపి గొంతునుండియు ఊపిరితిత్తులనుండియు వస్తువులను తీయుటలో ఆయన అందెవేసిన చేయి. ఆయన తీసిన వస్తువులలో 2,374 నేటికిని ఫిలడెల్ఫియా నగరమున మ్యూటర్ ప్రదర్శనశాలలో సొరుగులలో అమర్చియున్నవి. పిన్నీసులు, గుండీలు, నాణెములు, గింజలు. అంతటి నేర్పరి కూడ తీయుటతో తృప్తి పొందలేదు. ఇండ్లలో వాడు కాస్టిక్ క్షారమును పంచదార యనుకొని త్రాగి గొంతు మూసికొనిపోయిన పిల్లలను చూచి, డబ్బాపై విషమని అచ్చువేయవలెనని ఏండ్లతరబడి పోరాడెను. వ్యాపారులు ఎదిరించిరి. 1927లో ఆ చట్టము వచ్చినది. నాడు డబ్బాలో నుండిన క్షారమే నేడు సెల్లు బిడ్డ గొంతులో పుట్టించుచున్నది.

మన దేశమున 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు ప్రభుత్వపు నాణ్యతా ఉత్తర్వు అమలులో నున్నది, ఐ.ఎస్.ఐ. గురుతు లేని బొమ్మను అమ్మరాదు. కాని రిమోటు బొమ్మ కాదు, ప్రమిద బొమ్మ కాదు, పాట కార్డు బొమ్మ కాదు. అవి ఆ ఉత్తర్వు పరిధిలోనికి రావు. చట్టము చేరనిచోట అంగడివాడు చేరగలడు. సెల్లులను అట్టనుండి కత్తిరించి విడివిడిగా గాజుపెట్టెపై పోసి అమ్ము పద్ధతిని మానవలెను. మూతకు మర లేని వస్తువును, పిల్లలున్న యింటివాడు కొనునపుడు, “దీనికి మర లేదు సుమా” అని ఒక్క మాట చెప్పవలెను. ఒక బేరము పోవును, పోనిమ్ము. సంతలో పదిరూపాయల వెలుగు ఉంగరము అమ్మినచో మిగులునది రెండు రూపాయలు. అయస్కాంతపు గోళీలను మా అంగడిలో పెట్టుట మానితిమి. వాటికొరకు అడిగి లేదని వెళ్ళినవారు తక్కిన సరకు మానలేదు.

గడియారములు బాగుచేయు సోదరుల బల్లలపై తీసివేసిన సెల్లులు తెరచిన మూకుడులో నుండుట ఏ ఊరనైన చూడవచ్చును. తల్లి చంకనున్న బిడ్డ చేయి అందుకొను ఎత్తునకే ఆ బల్ల యుండును. ఇంటిలో మార్చిన సెల్లు సంగతియు ఇంతే: కిటికీపై పెట్టుదుము, మరతుము. తీసిన క్షణముననే రెండు ప్రక్కల టేపు అంటించి మూతగల డబ్బాలో వేయవలెను. వచ్చు ఆదివారము నుండి మా అంగడిలో, సన్నని చీలిక మాత్రము గల రేకుడబ్బా ఒకటి మేకుతో గోడకు బిగించి యుంచుచున్నాము. ఎవరి యింటి పాత సెల్లులనైనను టేపు అంటించి తెచ్చి అందులో వేయవచ్చును. టేపు మేమే యిత్తుము. అట్టి డబ్బాలు పెట్టదలచిన వర్తక సోదరులు సంక్రాంతి లోపల సంఘ కార్యదర్శిగారి యొద్ద పేర్లు వ్రాయించినచో, అంగళ్ళ పట్టికను ఈ పత్రికయందు ప్రకటింతుము.